మధుమేహము గల రైతు తన మూత్రపిండములను కాపాడుకొను విధము

మన సహకార సంఘములలో ప్రతి సంవత్సరమును లెక్కల తనిఖీ జరుగుచుండును. పెట్టెలో సొమ్ము కనబడుచున్నది గదా, తనిఖీ యెందులకని తెలిసిన సభ్యుడెవ్వడును అడుగడు. లోటు చిన్నదిగా నున్నప్పుడే కనిపెట్టినచో పూడ్చుకొనవచ్చును. పెద్దదైన పిమ్మట సంఘమే మునుగును. మధుమేహము, అనగా చక్కెర వ్యాధి గలవారి మూత్రపిండములకును ఇట్టి వార్షిక తనిఖీ యొకటి కలదు. అది యేమి, యేల, ఎప్పుడు చేయించుకొనవలయును అను సంగతి తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఈ వ్యాసకర్త వైద్యుడు కాడు. నేలను గుఱించియు పైరులను గుఱించియు చెప్పువాడు. అయినను రైతు ఆరోగ్యము చెడినపుడు మంచి విత్తనము గాని మంచి యెరువు గాని అతనికి అక్కఱకు రావు. కావున వైద్యశాస్త్రమునందు స్థిరపడిన సంగతులను మాత్రము ఇచ్చట వ్రాయుచున్నాడు. ఎవరికి ఏ మందు తగునో నిర్ణయించు భారము వైద్యునిదే.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023 లో ప్రకటింపబడిన పరిశీలనను బట్టి మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహము గలవారు. ఇది పట్టణవాసుల వ్యాధి యనియు, ఒడలు వంచి పనిచేయువారి జోలికి రాదనియు తలచుట పొరపాటు. మధుమేహము గలవారిలో సుమారు మువ్వురిలో ఒకరికి ఎప్పటికైనను మూత్రపిండముల వ్యాధి సంక్రమించుచున్నది.

1. మూత్రపిండములు చేయు పని

మూత్రపిండములు రెండు. ఇవి వీపు వైపున, వెన్నెముకకు ఇరు ప్రక్కల, ప్రక్కటెముకల దిగువ భాగమున, ఒక్కొక్కటి పిడికెడంత పరిమాణమున నుండును. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల సన్నని వడపోత యంత్రములు గలవు. ప్రతి వడపోతకును తలవద్ద వెండ్రుకకంటె సన్ననైన రక్తనాళముల కుచ్చు ఒకటి యుండును.

ఈ కుచ్చులగుండ దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడియగట్టబడుచున్నది. ఇందులో శరీరమునకు కావలసిన నీరు, ఉప్పు, చక్కెర మొదలగునవి తిరిగి రక్తములోనికే చేరును. మిగిలిన ఒకటిన్నర లేక రెండు లీటర్లు మాత్రమే మలినములతో గూడి మూత్రముగా వెడలును. ఇంతియేగాక రక్తపుపోటును సరిగా నుంచుట, ఎఱ్ఱ రక్తకణములు పుట్టుటకు ప్రేరణ నిచ్చుట, ఎముకల గట్టితనమునకు తోడ్పడుట అను పనులును వీనివే. అందుచేతనే మూత్రపిండములు చెడినవానికి పోటు పెరుగుటయు, రక్తము తగ్గి పాలిపోవుటయు సంభవించును.

2. చక్కెర వడపోతను చెఱచు విధము

కాలువలో నిండు మట్టమునకు మించి నీరు పాఱుచున్నప్పుడు చివరి భూముల రైతు సంతోషించును. గట్టు మాత్రము లోలోపల కోసికొనిపోవుచుండును. మధుమేహములో మొదట జరుగునదియు ఇట్టిదే. రక్తములో చక్కెర హెచ్చుగా నున్నపుడు వడపోతలలో ఒత్తిడి పెరిగి, అవి మామూలుకంటె హెచ్చుగా పనిచేయును. ఆ దశలో పరీక్షించినచో మూత్రపిండములు కడు చుఱుకుగా నున్నట్లే కనబడవచ్చును.

కొన్ని సంవత్సరములకు ఆ సన్నని నాళముల గోడలు మందమెక్కి, వాని కూర్పు సడలును. అప్పుడు రక్తమునందే నిలువవలసిన ఆల్బుమిను అను మాంసకృత్తు కొంచెము కొంచెముగా మూత్రములోనికి ఊరుట ప్రారంభించును. గట్టునకు పడిన తొలి ఊట ఇదియే. దీనిని గమనింపక విడిచినచో వడపోతలు ఒక్కటొక్కటిగా మచ్చకట్టి మూసికొనిపోవును. మచ్చకట్టిన వడపోత మరల తెఱచుకొనదు. ఈ మచ్చలను 1936 లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అను నిరువురు వైద్యులు సూక్ష్మదర్శనితో చూచి మొదట వర్ణించిరి.

ఊట మొదలగుటకును మూత్రపిండములు పూర్తిగా చెడుటకును మధ్య సాధారణముగా అనేక సంవత్సరముల వ్యవధి యుండును. ఈ వ్యవధియే రైతుకు దొరకిన అదను. రక్తపుపోటుకూడ హెచ్చుగా నున్నవానికి ఈ వ్యవధి తగ్గిపోవును.

3. నొప్పి లేకపోవుటయే ప్రమాదము

ఈ వ్యాధి ఆరంభమున ఏ బాధయు నుండదు. నడుము నొప్పి దీని గుఱుతు కాదు. నాట్లు వేసినను బస్తాలు మోసినను నడుము నొచ్చును. మూత్రము ధారాళముగా వచ్చుచున్నది గనుక మూత్రపిండములు బాగున్నవనుటయు సరికాదు. మలినములను వడియగట్టలేని మూత్రపిండము కూడ నీటిని విడువగలదు.

మూత్రమునకు చీమలు పట్టుటను బట్టి మధుమేహమును గుర్తించు పద్ధతి మన ప్రాచీన వైద్యులకు తెలిసినదే. కాని చీమలు పట్టునది చక్కెరకే. ఆల్బుమిను పోవుచున్నను చీమ రాదు, రంగు మాఱదు, వాసన మాఱదు. నురుగు విశేషముగా కట్టుట, పాదములును కన్రెప్పలును ఉబ్బుట, ఆకలి చచ్చుట, వాంతులు, దురద, ఆయాసము అను గుఱుతులు వచ్చుసరికి తఱచుగా సగమునకు మించిన శక్తి నశించి యుండును.

మఱియొక మోసకరమైన గుఱుతు గలదు. ఏండ్ల తరబడి హెచ్చుగా నున్న చక్కెర, ఆహారములో మార్పు లేకయే తగ్గనారంభించును. సూదిమందు మోతాదు తగ్గించినను చాలుచుండును. రోగి తనకు వ్యాధి నయమైనదని సంతోషించి ఇరుగుపొరుగు వారికి చెప్పుకొనును. జరిగినది వేఱు. శరీరములోని ఇన్సులినును కొంతవఱకు ఖర్చు చేయునవి మూత్రపిండములే. అవి నీరసించినపుడు ఇన్సులిను రక్తములో హెచ్చుకాలము నిలిచి చక్కెరను పడవేయుచుండును. అట్టివాడు పాత మోతాదునే కొనసాగించినచో చెమటపట్టి, వణకి, పొలములోనే స్పృహ తప్పి పడిపోవచ్చును. కారణము లేకయే చక్కెర తగ్గుచున్నచో అది శుభవార్త యని తలపక వెంటనే మూత్రపిండములను పరీక్ష చేయించుకొనుడు.

4. సంవత్సరమునకు రెండు పరీక్షలు

మొదటిది మూత్రపరీక్ష. ఇందులో ఆల్బుమిను ఎంత యున్నదో, క్రియాటినిను అను మలినముతో పోల్చి చూతురు. పరీక్షాశాల కాగితముపై దీనిని ఏ.సి.ఆర్. అని వ్రాయుదురు. ఉదయముననే వచ్చు మొదటి మూత్రము ఇచ్చుట మేలు. ఫలితమును ఇట్లు చదువుకొనవలయును:

30 మిల్లీగ్రాములకు లోపు: సరిగా నున్నది. వచ్చు సంవత్సరము మరల చూపించవలయును.
30 మొదలు 300 వఱకు: ఊట మొదలైనది. శ్రద్ధగా అడ్డుకొనదగిన సమయము.
300 కు పైన: ఊట పెద్దదైనది. ఆలస్యము కూడదు.

జ్వరముగా నున్నపుడును, మూత్రములో సూక్ష్మజీవుల బాధ యున్నపుడును, స్త్రీలకు బహిష్టు దినములయందును, ముందునాడు మిక్కిలి కాయకష్టము చేసినపుడును ఈ సంఖ్య తాత్కాలికముగా పెరుగవచ్చును. కావున ఒక్క ఫలితమును చూచి బెదరరాదు. మూడు మొదలు ఆఱు మాసములలోపల మూడు పర్యాయములు చూచి, అందు రెండింట హెచ్చుగా నున్నచో వ్యాధి కలదని నిశ్చయింతురు. మూత్రములో ముంచి రంగు చూచు సాధారణ కాగితపు పట్టీ ఈ పనికి చాలదు. ఆరంభపు ఊట దానికి తఱచుగా అందదు.

రెండవది రక్తపరీక్ష. రక్తములోని క్రియాటినినును కొలిచి, వయస్సును స్త్రీపురుష భేదమును గణించి, మూత్రపిండముల వడపోత వేగమును లెక్కకట్టుదురు. కాగితముపై దీనిని ఈ.జి.ఎఫ్.ఆర్. అందురు. నిమిషమునకు 90 మిల్లీలీటర్లు లేక అంతకు పైన నుండుట మంచిది. మూడు మాసములకు మించి 60 కి లోపుననే యున్నచో మూత్రపిండములు దెబ్బతిన్నట్లు. 15 కు లోపు పడినచో అవి పని చాలించుచున్నట్లు. క్రియాటినిను అంకె నొక్కదానినే చూచి తృప్తిపడరాదు. అది కండలనుండి పుట్టు పదార్థము. బక్కపలుచని ముదుసలికి కండ తక్కువగుటచే వడపోత చెడియున్నను ఆ అంకె తక్కువగానే కనబడును. వడపోత వేగము ఎంత అని అడిగి వ్రాయించుకొనుడు.

పెద్దవయస్సున వచ్చు మధుమేహము బయటపడుటకు ముందే కొన్ని యేండ్లు లోపల దాగియుండును. కావున ఇట్టివారు వ్యాధి తెలిసిన నాడే ఈ రెండు పరీక్షలును చేయించుకొని, పిమ్మట ఏటేట చేయించుకొనవలయును. చిన్నతనముననే వచ్చి ఇన్సులిను తప్పనిసరియైన రకము గలవారు అయిదేండ్లు గడచిన పిమ్మట మొదలుపెట్టవలయును. మూత్రపిండములోని నాళములవలెనే కంటిలోని నాళములును చెడునవి గనుక ఏటేట కంటి లోపొరను గూడ చూపించుకొనుట మంచిది.

5. ఊటను ఆపు ఉపాయములు

(అ) రక్తపుపోటు. మధుమేహము గలవారిలో చాలమందికి పోటు 130/80 కి లోపుగా నుండుట మేలు. యునైటెడ్ కింగ్‌డమ్ దేశమున జరిగి 1998 లో ప్రకటింపబడిన గొప్ప పరిశోధన, చక్కెరను పోటును అదుపులో నుంచుటచే సన్నని నాళములకు కలుగు హాని తగ్గునని రుజువు చేసినది.

(ఆ) చక్కెర. మూడు మాసముల సరాసరిని తెలుపు హెచ్‌బి.ఏ.1.సి. అను పరీక్షలో చాలమందికి 7 శాతము ప్రాంతమున నుండుట తగును. ముదుసలులకును, చక్కెర ఉన్నట్టుండి పడిపోవు స్వభావము గలవారికిని వైద్యులు ఇంతకంటె సడలింపు నిత్తురు.

(ఇ) ఉప్పు. మనిషికి దినమునకు 5 గ్రాములు, అనగా చిన్న చెంచాడు, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అయిదుగురున్న ఇంటికి నెలకు ముప్పాతిక కిలో. ఊరగాయలోను, అప్పడములోను, ఎండుచేపలోను చేరిన ఉప్పును గూడ ఈ లెక్కలోనే చేర్చవలయును. ఇంటి యిల్లాండ్రు నెల మొదటనే తూచి వేఱుగా పెట్టుకొన్నచో తమ యింటి వాడుక తమకే తెలియును. ఉప్పునకు బదులుగా అమ్మబడు పొటాసియము కలిసిన ఉప్పును మూత్రపిండములు చెడినవారు వైద్యుని అడుగక వాడరాదు.

(ఈ) మందులు. లోసార్టాను, ఎనలాప్రిలు మొదలగు రెండు జాతుల పోటు మందులకు పోటును తగ్గించుటయే కాక ఆల్బుమిను ఊటను తగ్గించు గుణము గలదు. ఈ సంగతి 1993 లోను 2001 లోను ప్రకటింపబడిన పరిశోధనలచే స్థిరపడినది. గర్భవతులకు ఇవి పనికిరావు. మొదలుపెట్టిన కొద్ది వారములకు రక్తములోని క్రియాటినినును పొటాసియమును చూపించుకొనవలయును.

ఇటీవలివి గ్లిఫ్లోజిను జాతి మందులు. ఇవి చక్కెరను మూత్రముగుండ బయటికి పంపుచు వడపోతలలోని ఒత్తిడిని తగ్గించును. మూత్రపిండముల క్షయమును ఇవి మందగింపజేయునని 2019, 2020 సంవత్సరములలో వెలువడిన పరిశోధనలు తెలిపినవి. డపాగ్లిఫ్లోజిను పేటెంటు మన దేశమున 2020 లో ముగిసినది. పిమ్మట అనేక దేశీయ కంపెనీలు తయారు చేయుటచే దాని వెల చాల తగ్గినది. ఈ మందు వాడువారి మూత్రములో చక్కెర కనబడుట సహజము. దానిని చూచి బెదరవలదు. మర్మావయవములను శుభ్రముగా నుంచుకొనవలయును. వాంతులు, విరేచనములు, కఠినమైన ఉపవాసము, శస్త్రచికిత్స అను సమయములందు దీనిని ఆపవలసియుండును గనుక ముందుగానే వైద్యుని అడిగి తెలిసికొనుడు.

(ఉ) చుట్ట, బీడీ, సిగరెట్టు మానవలయును. పొగ ఈ సన్నని నాళములను మఱింత చెఱచును.

6. చేయరాని పనులు

నొప్పి మాత్రలు. నాట్ల దినములలోను, కోతల దినములలోను ఒళ్ళు నొప్పులకని డైక్లోఫినాకు, అసిక్లోఫినాకు, ఇబుప్రోఫెను వంటి మాత్రలను చీటీ లేకయే కొని మ్రింగుట మన పల్లెలలో వాడుక. ఇవి మూత్రపిండములకు పోవు రక్తమును తగ్గించును. మధుమేహము గలవాడు, అందులోను పోటు మందులు వాడుచున్నవాడు, ఎండలో చెమటయోడ్చి నీరసించియున్నపుడు వీనిని మ్రింగుట మిక్కిలి అపాయకరము. నొప్పికి ఏదైన తప్పనిసరియైనచో పారాసిటమాలు తగు మోతాదులో తక్కువ హాని గలది.

లోహభస్మములును పేరులేని పొడులును. మధుమేహమును సమూలముగా పోగొట్టునని అమ్ము కొన్ని భస్మములలో సీసము, పాదరసము వంటివి యుండుట కలదు. మందు పేరు, అందులోని పదార్థములు వ్రాసి యీయని వానియొద్ద ఏదియు కొనవలదు.

మందులు మానుట. "చక్కెర మాత్రలే మూత్రపిండములను పాడుచేయును" అను మాట ఊరూర వినబడుచున్నది. పాడుచేయునది అదుపులేని చక్కెర. మెట్ఫార్మిను మూత్రపిండములను చెఱుపదు. అయితే వడపోత వేగము 30 కి లోపు పడినపుడు అది శరీరములో నిలువయగును గనుక వైద్యులే దానిని మాన్పింతురు. చెడిన పిమ్మట మందు మాన్పించుటను చూచి, మందువలననే చెడినదని జనులు తలచుచున్నారు.

అతిగా నీరు త్రాగుట. కూలికి పోవునపుడు దప్పిక తీఱునట్లు నీరు త్రాగవలసినదే. కాని బిందెలకొలది త్రాగినచో ఈ వ్యాధి కడుగుకొనిపోదు. అది రాళ్ళ వ్యాధికి చెప్పు చికిత్స, ఇది వేఱు. కాళ్ళు ఉబ్బినవానికి నీటిని తగ్గింపవలసియే యుండవచ్చును. వ్యాధి ముదిరినవారికి కొబ్బరినీరు, అరటిపండు మొదలగు పొటాసియము హెచ్చుగా గల పదార్థములు గుండెకు అపాయము తెచ్చును.

7. ఉద్దానపు వ్యాధియు ఇదియు ఒకటి కావు

శ్రీకాకుళము జిల్లా ఉద్దాన ప్రాంతమున, అనగా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురము, పలాస పరిసరములందు, మధుమేహము గాని పోటు గాని లేని రైతులకును కూలీలకును మూత్రపిండములు చెడుచుండుట మన వారందఱు విన్న సంగతి. దాని మూలకారణము ఇంకను పరిశోధనలోనే యున్నది. పలాసలో ఇందులకై ఆసుపత్రియు పరిశోధనా కేంద్రమును 2023 డిసెంబరులో తెఱవబడినవి. ఆ వార్తలు విని, మధుమేహము గల ఇతర జిల్లాల రైతు తన వ్యాధికిని నీరే కారణమని తలచి ఊరకుండుట తగదు. అతని వ్యాధికి కారణము తెలిసినదే. ఆపు ఉపాయమును తెలిసినదే.

8. ఆలస్యమునకు చెల్లించు వెల

మూత్రపిండములు పూర్తిగా చెడినపుడు మిగులు మార్గములు ముఖ్యముగా రెండు: మఱియొకరి మూత్రపిండమును అమర్చుకొనుట, లేక డయాలిసిసు. యంత్రముతో రక్తమును శుద్ధిచేయు ఈ పద్ధతికి సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటలు పట్టును. సంవత్సరమునకు 156 పర్యాయములు. 2016 లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమము క్రిందను, మన రెండు తెలుగు రాష్ట్రముల ఆరోగ్య పథకముల క్రిందను పేదలకు ఇది ఉచితముగా దొరకును. కాని పోయిన పనిదినములు ఏ పథకమునను తిరిగి రావు. తోడు పోవు భార్యకో కుమారునికో అదే నష్టము. నీరు వదలిన వారమున మడిలో నుండవలసిన మనిషి మంచముపై నుండును. పైని చెప్పిన రెండు పరీక్షలకు పట్టునది సంవత్సరమునకు ఒక్క ఉదయము.

9. మన సంఘములు చేయదగిన పని

పంటఋణమును తిరుగవ్రాయించుకొనుటకు సభ్యులందఱును ఏటేట సంఘ కార్యాలయమునకు వచ్చుచున్నారు. ఆ మాసమునే మూత్రపిండముల పరీక్షకును గడువుగా పెట్టుకొన్నచో మఱచుట యుండదు. 30 సంవత్సరములు దాటినవారికి పోటు, చక్కెర చూచుటకు ప్రభుత్వపు ఏర్పాటు పల్లెలలో కలదు. ఆశా కార్యకర్తయొక్కయు ప్రాథమిక ఆరోగ్య కేంద్రముయొక్కయు సహాయముతో సంఘము ఒక దినము నిర్ణయింపవచ్చును. మధుమేహము గల సభ్యుడు పాసుపుస్తకముతో పాటు మఱియొక చిన్న పుస్తకమునుంచి, పోటు, చక్కెర, ఏ.సి.ఆర్., వడపోత వేగము అను నాలుగు అంకెలను తేదీతో వ్రాసికొనవలయును. వైద్యుడు మాఱినను ఊరు మాఱినను ఆ పుస్తకము సాక్ష్యము చెప్పును. ఇల్లాండ్రకును ఈ పుస్తకము వేఱుగా నుండవలయును. తమ పరీక్షను వచ్చు ఏటికి వాయిదా వేయువారు వారే గనుక.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మూత్రము ధారాళముగా వచ్చుచున్నను మూత్రపిండములు చెడియుండవచ్చునా? ఎట్లు?
2. ఆల్బుమిను పరీక్షను ఏ సమయములందు వాయిదా వేయవలయును? ఒక్క ఫలితముతో ఏల నిశ్చయింపరాదు?
3. సూదిమందు వాడువానికి కారణము లేకయే చక్కెర తగ్గుచున్నచో ఏమి చేయవలయును?
4. మన ఊరి దుకాణములలో చీటీ లేక అమ్ముచున్న నొప్పి మాత్రలు ఏవి? వానిలో ఏవి మధుమేహము గలవారికి తగవు?
5. మన సంఘ సభ్యులలో మధుమేహము గలవారెందఱు? వారిలో ఈ యేట రెండు పరీక్షలును చేయించుకొన్నవారెందఱు?

కార్యదర్శులు కడపటి ప్రశ్నకు వచ్చిన జవాబును పేర్లు లేకుండ సంఖ్యగా మాత్రమే సంఘపు పుస్తకమున వ్రాసియుంచి, వచ్చు సంవత్సరపు సంఖ్యతో పోల్చి చూడగోరుచున్నాము.